ఎవరూ పడని ఆసుపత్రి

నమోదు 1. సోమవారం

కేసు ఒప్పుకున్న నర్సు మొదటి రోజు నుంచి దినచర్య రాయాలని నియమం. చూసింది, విన్నది మాత్రమే రాయాలి. సొంత అభిప్రాయాలు కలపకూడదు. ఇంతవరకు ఏ కేసులోనూ ఆ రెండో మాట నిలబెట్టుకోలేకపోయాను. ఇందులోనూ నిలబెట్టుకుంటానన్న నమ్మకం లేదు.

పొద్దున పాల పడవలో ఆసుపత్రి తిప్పకు వచ్చాను. పడవ నిండా మంచినీళ్ల డబ్బాలు, కూరగాయల బుట్టలు, ఉతికిన దుప్పట్ల మూటలు. సముద్రం లోపలికి రాకముందు ఇక్కడికి ఎడ్ల బండి మీద వచ్చేవాళ్లమని పడవ నడిపే ఆయన వాళ్ల తాత చెప్పిన కథ చెప్పాడు. ఇప్పుడు తిప్ప మీద ఆసుపత్రి, సిబ్బంది ఇళ్లు, రెండు కొట్లు తప్ప ఏమీ లేవు.

చంద్రుడి మీద పని ముగించుకుని దిగినవాళ్లను ముందుగా ఇక్కడికే తెస్తారు. ఏళ్ల తరబడి పైన తేలికగా బతికిన ఒళ్లు కిందికొచ్చాక తన బరువు తాను మోయలేదు. నిలబడటం, నడవటం, మెట్టు దిగటం అన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. కాగితాల మీద దీనికి పెద్ద పేరే ఉంది గానీ అందరూ బరువు ఆసుపత్రి అంటారు.

రేవులో ఎలీషా గారు గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆయన ఆసుపత్రి తరఫు లాయరు. నేను చాలా ఏళ్లు తల గాయాల వార్డులో పనిచేసి, ఇప్పుడు వైద్యం కేసుల్లో లాయర్లకు అసలేం జరిగిందో చదివి, చూసి, అర్థమయ్యేలా చెప్పే పని చేస్తున్నాను. ఆయన కోసం ఇంతకుముందు కూడా పనిచేశాను. మర్యాదస్తుడు. ఎప్పుడూ గొంతు పెంచడు.

దారిలోనే కేసు చెప్పారు. పెంచలయ్య అనే ఆయన పైన మంచు తవ్వే సొరంగాల్లో మేస్త్రీ. దిగి వచ్చి ఇక్కడ నడక నేర్చుకుంటూ ఉండగా ఒకరోజు మధ్యాహ్నం భోజనం ముందర స్పృహ తప్పాడు. పుర్రె తెరిచి చూస్తే మెదడు మీద నెత్తురు పేరుకుని ఉంది. ప్రాణం దక్కింది. మాట పోయింది. కుడి చెయ్యి సరిగా లేవదు. ఆయన ఆసుపత్రిలో పడ్డాడని, పడ్డా ఎవరూ పట్టించుకోలేదని భార్య వెంగమ్మ విచారణ మండలికి ఫిర్యాదు చేసింది. వార్డు నర్సు షంషాద్‌ను పనిలోంచి ఆపేశారు.

"నాకు తెలియాల్సింది ఒక్కటే, కామాక్షి గారూ. నర్సు తప్పా, కాదా?"

"కాకపోతే?"

"కాకపోతే ఆయన బయటెక్కడో తలకు తగిలించుకుని ఉంటాడు."

"తిప్ప దాటి వెళ్లాడా సార్?"

"లేదు."

"మరి బయటెక్కడ?"

ఆయన నవ్వి గొడుగు ముడిచారు. గుమ్మం పక్క గోడ మీద మనిషంత అక్షరాలతో రాసి ఉంది: ఇక్కడ ఇంతవరకు ఒక్క రోగీ పడలేదు.


నమోదు 2. మంగళవారం

ఆ మాట అబద్ధం కాదు. పొద్దుటినుంచి నడవలో కూర్చుని చూశాను.

ప్రతి రోగికీ నడుముకి, భుజాలకి పట్టీలు బిగిస్తారు. వాటికి కట్టిన తాడు పైకప్పులో పట్టాల వెంట మనిషితో పాటు జరుగుతూ ఉంటుంది. మనిషి తూలాడంటే చాలు, తాడు బిగుసుకుని గాల్లోనే ఆపేస్తుంది. దాన్ని ‘పట్టు’ అంటారు. తాడు పట్టినప్పుడల్లా నడవలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొడతారు. పట్టుబడినవాళ్లు సిగ్గుపడి నవ్వుతారు. చూడ్డానికి తిరునాళ్లలో ఉయ్యాల దగ్గర ఉన్నట్టుంది.

వార్డును కనిపెట్టుకుని ఉండే యంత్రాన్ని ‘ఆయా’ అంటారు. దానికి కళ్లు పైకప్పులో, గొంతు గోడలో. ఎవరికి నీళ్లు కావాలో, ఎవరికి నిద్ర చాలలేదో అదే చెబుతుంది. ప్రతి పట్టు తర్వాత మెత్తటి గొంతుతో "పడలేదు. నడక కొనసాగించండి" అంటుంది.

నా పక్కన బెంచీ మీద కూర్చున్నామె పేరు మునెమ్మ. పైన గొట్టాలు అతికే పని చేసిందట. బక్కపలచటి మనిషి, గట్టి నోరు.

"ఏమ్మే నర్సమ్మా, నువ్వు మా మీద కేసు రాసేదానికి వచ్చినావంటనే."

"మీ మీద కాదు. మీ గురించి కూడా కాదు."

"ఎవురి మీదైతే ఏంలే. పైన నేను ఒక్క ఎగురు ఎగిరితే ఇంటి కప్పు తాకేదాన్ని. ఈడ చెంచా ఎత్తాలన్నా భుజం పీకతా ఉండాది. దాని మీద రాయి కేసు."

మధ్యాహ్నం ఆమె నడకకు లేచింది. నడవ మలుపులో కాలు మెలికపడింది. తాడు పట్టింది. చప్పట్లు కొట్టారు. మునెమ్మ గాల్లో వేలాడుతూనే రెండు చేతులూ ఎత్తి అందరికీ దండం పెట్టింది. నేనూ నవ్వాను.


నమోదు 3. బుధవారం

ఏ పక్షం కేసు నర్సయినా రోగిని, ఇంటివాళ్లను కలవొచ్చని మండలి నియమం. వెంగమ్మ నీళ్లకు అవతలి ఒడ్డున, చేపల గొడౌను వెనక ఉంటుంది. నేనెవరి తరఫున వచ్చానో ముందే చెప్పాను. ఆమె ఒక్క క్షణం చూసి, లోపలికి రమ్మని పీట వేసింది.

పెంచలయ్య వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. దిట్టమైన మనిషి. తల మీద గాటు ఇంకా ఎర్రగానే ఉంది. పలకరించాను. నా ముఖం చూశాడు. పెదాలు కదిలాయి. ఏదో మాట దాకా వచ్చి ఆగిపోయినట్టు నొసలు ముడిచి, మళ్లీ వీధివైపు తిరిగిపోయాడు. కుడి చెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువు పెట్టుకున్నట్టు పడి ఉంది.

"ఆయన పడటం నువ్వు చూశావా అక్కా?"

"చూసినా. ఆ పొద్దు నేను చూసేదానికి పోయినా. నడస్తా నడస్తా ముందుకి తూలినాడు. తాడు లాగింది."

"నేలకు తగిలాడా?"

"తగల్లా."

"మోకాలైనా ఆనిందా?"

"లేదు."

"మరి పడ్డాడని ఎట్లా అంటున్నావు?"

ఆమె చేతిలో బియ్యం చేట పక్కన పెట్టింది. "తాడు లాగినప్పుడు నడుము ఆగిపోయిందమ్మా. తల ఆగలా. ముందుకి పోయి ఎనక్కి వచ్చింది, ఎవురో జుట్టు పట్టుకుని ఊపినట్టు. ఆ పక్కన అందరూ చప్పట్లు కొడతా ఉండారు. నేను మాత్రం కొట్టలా. పడినాడు అన్నా. యంత్రం పడలేదనింది. నర్సమ్మ పడలేదనింది. ఆయన కూడా నవ్వి, నేను యాడ పడినా మే, తాడు పట్టిందిగా అన్నాడు. అందరూ ఒక మాట, నేనొక మాట. ఆ పొద్దు నేనే తప్పు చూసినానేమో అనుకుని ఇంటికొచ్చేసినా."

తర్వాత ఆయన తలనొప్పి అన్నాడట. ఇంకో రెండు రోజులకు విసుగు పెరిగింది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి అన్నం చల్లగా ఉందని పళ్లెం తోసేశాడు. ఆ తర్వాత అన్నీ మరిచిపోవడం. ఆ తర్వాత నిద్ర.

నాకు ఈ వరస తెలుసు. తల గాయాల వార్డులో ఎన్నోసార్లు చూసిన వరస. నెత్తురు ఒక్కసారిగా రాదు. చిన్న రక్తనాళం తెగి, ఊటలాగా ఊరుతుంది. మెదడు కొంతకాలం జరిగి చోటిస్తుంది. చోటు అయిపోయినరోజు మనిషి పడిపోతాడు. ఎటొచ్చీ ఈ వరసకు మొదట్లో ఒక దెబ్బ ఉండాలి. ఇక్కడ దెబ్బ లేదు.


నమోదు 4. గురువారం

షంషాద్ తిప్ప మీదే సిబ్బంది ఇళ్లలో ఉంటోంది. పనిలోంచి ఆపినా ఇల్లు ఖాళీ చేయమనలేదు. నేను వెళ్లేసరికి నీళ్ల బండి దగ్గర వరసలో ఉంది. ఆమె బిందెల్లో ఒకటి నేను పట్టుకున్నాను. నడుస్తూ మాట్లాడుకున్నాం.

"అక్కా, నేను చూడలేదని కదా మీ కాగితాల్లో ఉండేది. చూసినా. ఆయన నన్ను ప్రతి పొద్దూ షంషాదమ్మా అని పిలిచేవాడు. ఒక పొద్దు నా పేరు గుర్తు రాలేదు ఆయనకి. నా ముఖం చూసి చూసి, ‘నీళ్లమ్మా’ అన్నాడు. వెంటనే తలకి స్కాన్ తీయాలని ఆయాకి చెప్పినా."

"ఏమంది?"

"రోగి పడ్డాడా అని అడిగింది. లేదన్నా. పడనివాళ్లకి తల పరీక్ష ఉండదు అనింది. పడితే గంటగంటకీ కళ్లలో లైటు వేసి చూడాలి, చేతులు నొక్కమనాలి, పేరు అడగాలి, డాక్టరుకి కబురు పోవాలి. పట్టు అయితే ఏమీ ఉండదు. నేను అబద్ధమాడి పడ్డాడని చెప్పి ఉంటే ఆయన బాగుండేవాడు అక్కా. అదొక్కటే తిరగతా ఉండాది నా తలలో."

బిందె గుమ్మంలో దింపాను. ఆమె తడిచేతులతోనే కళ్లు తుడుచుకుని, టీ పెడతానంది. లోపల వాళ్లమ్మ నమాజు చేసుకుంటోంది. మేమిద్దరం అరుగు మీద కూర్చుని టీ తాగాం.


నమోదు 5. శుక్రవారం

నాకూ పట్టీలు బిగించమని డాక్టర్ హైమవతిని అడిగాను. ఆమె ఈ వార్డుకు పెద్ద డాక్టరు. చిన్న వయసు, ఎప్పుడూ అలిసిపోయిన కళ్లు. ఎందుకని అడగలేదు.

నడవలో నిలబడి, కళ్లు మూసుకుని, ముందుకు వాలాను. పడుతున్నానని ఒంటికి తెలిసేలోపే తాడు ఆగింది. నడుము, భుజాలు గోడకు కొట్టిన మేకులా నిలిచిపోయాయి. తల మాత్రం సాగిపోయింది. గడ్డం రొమ్ముకు తగిలింది, వెనక్కి తన్నింది. పళ్లు కరుచుకున్నాయి. చెవి కమ్మ ఒకటి ఊడి ఎగిరి, అవతలి గోడ దగ్గర దొరికింది.

"పడలేదు. నడక కొనసాగించండి," అంది ఆయా.

నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాక డాక్టర్ హైమవతి పట్టీలు విప్పి మడిచింది.

"మీకు మెడ నొప్పితో పోతుంది," అంది. "మీ మెదడు ఉండాల్సిన చోట ఉంది. పైన ఏళ్లపాటు ఉన్నవాళ్లకు మెదడు పుర్రెలో పైకి జరుగుతుంది. దాన్ని పట్టి ఉంచే సన్నటి రక్తనాళాలు సాగి ఉంటాయి. దిగాక కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండా పలచబరిచే మందు ఇస్తాం. సాగిన నాళం, పలచటి నెత్తురు. ఆ కుదుపు చాలు."

"మీకు ఎప్పటినుంచి తెలుసు మేడం?"

"అనుమానం పెంచలయ్య తల తెరిచిన రోజు నుంచి. పట్టు పడ్డవాళ్లందరికీ స్కాన్ తీద్దామని రాశాను. విచారణ తేలేదాకా ఏ పద్ధతీ మార్చవద్దని లాయరుగారి సలహా వచ్చింది. ఇప్పుడు మారిస్తే ఇంతకుముందు తప్పు చేశామని ఒప్పుకున్నట్టు అవుతుందట."

లాయరుగారు అంటే నన్ను పిలిపించినాయనే.

సాయంత్రం మెడకు వేడినీళ్ల గుడ్డ కట్టుకుని ఇది రాస్తున్నాను. వెంగమ్మ చూసింది సరిగ్గానే చూసింది. ఆసుపత్రి చెప్పిందీ నిజమే. పెంచలయ్య నేలకు తగల్లేదు.


నమోదు 6. ఆదివారం

నిన్న రాయలేదు. రాయాల్సింది.

నిన్న పొద్దున మునెమ్మ తల పట్టుకుని కూర్చుంది. ఎండ అంది. నేను ఆ మలుపు దగ్గర పట్టును గుర్తు చేసుకున్నాను. ఆమెను చూసుకునే కొత్త నర్సుకు చెప్పాను. ఆ అమ్మాయి ఆయాను అడిగింది. పడలేదంది ఆయా.

ఈ పొద్దున మునెమ్మ టీ గ్లాసు ఎడమ చేత్తో తీసుకుంది. గ్లాసు మెల్లగా పక్కకు ఒరిగిపోతూ ఉంది. ఆమె దాన్ని చూడటం లేదు. టీ చీర మీద పడ్డాక కూడా చూడలేదు.

"మునెమ్మా, కాలలేదా?"

"ఏంది?"

"టీ."

"టీ యాడ?" అని చుట్టూ వెతికింది. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఏమ్మే, నువ్వు కొత్తగా వచ్చినావా?" అని అడిగింది.

కేసు నర్సు రోగిని ముట్టుకోకూడదు. అది అన్ని నియమాల్లోకి పెద్దది. నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని నా వేళ్లు నొక్కమన్నాను. కుడి చెయ్యి గట్టిగా నొక్కింది. ఎడమ చెయ్యి వేళ్లు అలా ఆనించి ఊరుకుంది. ముఖం వెలుతురు వైపు తిప్పాను. ఒక కంటి పాప ముడుచుకుంది. రెండోది సగమే ముడుచుకుంది.

ఎలీషా గారికి ఫోన్ చేశాను. ఆయన ప్రార్థన ముగించుకుని బయటికొస్తున్నారు. వెనక పాట వినిపిస్తోంది.

"సార్, ఇక్కడ ఇంకొకామెకు అదే మొదలైంది. వెంటనే స్కాన్ తీయాలి. మీ సలహా వెనక్కి తీసుకోండి."

"అదే అని మీకెలా తెలుసు?"

"నా చేత్తో చూశాను."

"మీరు రోగిని ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను."

ఆయన పక్కకు నడిచినట్టున్నారు, పాట దూరమైంది. "కామాక్షి గారూ, ఆసుపత్రి మూతపడితే రేపు దిగేవాళ్లు ఎక్కడికి పోతారు? ఇలాంటిది ఇంకెక్కడా లేదు. నేను కాపాడుతున్నది దాన్ని. సోమవారం నిపుణుల సంఘానికి రాద్దాం. వాళ్లు చెబితే..."

"సోమవారానికి ఆమె ఉండకపోవచ్చు."

"మీరు మా మనిషి. అది మరిచిపోకండి."

ఆయన చెడ్డవాడు కాదని నాకు తెలుసు. అందుకే ఎక్కువ భయమేసింది. ఫోన్ పెట్టేసి డాక్టర్ హైమవతి గదికి పరుగెత్తాను. ఆమె భోజనం డబ్బా తెరుస్తోంది.

"మేడం, నేను బయటి మనిషిని. వార్డులో గొడవ చేశాను, రోగిని ముట్టుకున్నాను, మిమ్మల్ని బెదిరించాను. అలాగే రాయండి. కానీ ముందు మునెమ్మకు స్కాన్ తీయండి."

ఆమె డబ్బా మూత పెట్టింది. నన్ను దాటుకుని నడవలోకి వచ్చి మునెమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె కళ్లలోకి చూసింది. గోడవైపు తిరిగి, "ఆయా, మునెమ్మకు తల స్కాన్," అంది.

"రోగి పడ్డారా?"

డాక్టర్ నావైపు చూడలేదు. "పడింది," అంది. "నేను చెబుతున్నాను. పడింది."

నెత్తురు ఉంది. కుడిపక్కన, అరచేయంత మేర. ఇంకా పూర్తిగా చోటు అయిపోలేదు. అరగంటలో ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరుగారి భోజనం డబ్బా అలాగే బల్ల మీద ఉండిపోయింది.


నమోదు 7. మంగళవారం

మునెమ్మకు మెలకువ వచ్చింది. మొదటి మాట: "నా జుట్టు ఎవురు గొరిగింది?" కొత్త నర్సు ఏడుస్తూ నవ్వింది. ఎడమ చేత్తో నా వేళ్లు నొక్కమన్నాను. నొప్పి పుట్టేలా నొక్కింది.

ఎలీషా గారికి కేసు వదిలేస్తున్నట్టు రాసి పంపాను. ఆయన చూపించిన కాగితాలు, నేను ఆయనకు చెప్పిన మాటలు ఆయనవి. వాటి గురించి నేను ఎక్కడా నోరు విప్పకూడదు. కానీ మునెమ్మకు జరిగింది నా కళ్ల ముందు జరిగింది. దానికి నేను సాక్షిని. మండలికి ఆ మాట తెలియజేశాను. ఎలీషా గారి జవాబు ఒక్క వాక్యం: "ఇకమీదట ఏ ఆసుపత్రి తరఫు లాయరూ మిమ్మల్ని పిలవడని మీకు తెలుసనుకుంటాను." బెదిరింపు కాదది. ఉన్నమాట.


నమోదు 8. విచారణ రోజు

కేసు వదిలినవాళ్లు దినచర్య రాయనక్కర్లేదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

మండలి గది అవతలి ఒడ్డు రేవు పక్క పాత బడి భవనంలో పెట్టారు. వెంగమ్మ ముందు వరసలో పెంచలయ్య చెయ్యి పట్టుకుని కూర్చుంది. షంషాద్ వెనక గోడ దగ్గర నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

నన్ను ప్రశ్నించింది ఎలీషా గారే.

"మీరు చాలా ఏళ్లు తల గాయాలు చూసినవారు. ఒక్క మాటలో చెప్పండి. పెంచలయ్య ఆసుపత్రిలో పడ్డాడా, లేదా?"

"పెంచలయ్య గారి గురించి నేను మాట్లాడకూడదు సార్. మునెమ్మ గురించి అడగండి."

ఆయన తల పంకించారు. నేను తప్పించుకున్నానో, ఆయన్ను గౌరవించానో తేల్చుకుంటున్నట్టుంది. "సరే. మునెమ్మ పడిందా?"

"మునెమ్మ ఒళ్లు పడలేదు. తల లోపల మెదడు పడింది. దానికి తాడు లేదు."

మండలి పెద్ద, నెరిసిన జుట్టు ఆమె, రాయడం ఆపింది. ఎలీషా గారు ఇంకేదో అడగడానికి కాగితం తిరగేశారు. దాన్ని పక్కన పెట్టి, ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నారు.

మండలి పెద్ద డాక్టర్ హైమవతిని లేపింది. "పెంచలయ్య విషయంలోనూ ఇదే జరిగిందా?"

"ఇదే జరిగిందండి," అంది ఆమె. "ఆయన భార్య ఆ రోజే చెప్పింది. మేం వినలేదు. నర్సు షంషాద్ స్కాన్ అడిగింది. మా యంత్రానికి మేం నేర్పిన ప్రశ్నే తప్పు."

వెంగమ్మ భర్త చేతిని ఒళ్లోకి తీసుకుని, చీర కొంగు దాని మీద కప్పింది. వెనక షంషాద్ గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

తీర్పు సాయంత్రానికి వచ్చింది. ఇకమీదట పట్టునూ పడటంగానే చూడాలి, తలను కనిపెట్టి ఉండాలి. తాడు ఒక్కసారిగా బిగుసుకోకుండా మెల్లగా ఆగేలా మార్చాలి. అప్పటిదాకా నడకలు ఆపాలి. షంషాద్‌ను పనిలోకి తీసుకోవాలి. పెంచలయ్య బతికున్నంతకాలం ఆయన వైద్యం ఆసుపత్రిదే. ఆసుపత్రి మూతపడలేదు.


నమోదు 9. ఆ తర్వాతి ఆదివారం

ఏ లాయరూ పిలవలేదు. పిలుస్తారనీ అనుకోలేదు. తిప్ప మీద నర్సులకు తల గాయాల సంగతులు నేర్పమని డాక్టర్ హైమవతి కబురు చేసింది. వస్తానన్నాను.

ఈ పొద్దున తీర్పు కాగితం చదివి వినిపించమని వెంగమ్మ పిలిపించింది. చదివాను. మొత్తం విని అడిగింది.

"ఆయనకి మాట వస్తాదా దీంతో?"

"రాదక్కా. కొంచెం కొంచెం రావచ్చు, నేర్పిస్తే. మునుపటంత రాదు."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. బొమ్మిడాయిల పులుసు కుతకుతలాడుతోంది. గిన్నెలోకి తీసి, గుడ్డ కట్టి, "ఆ మునెమ్మని చూడాల నేను. తీసకపో," అంది.

ముగ్గురం పడవలో వెళ్లాం. పెంచలయ్య నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు. మునెమ్మ వరండాలో కుర్చీలో ఉంది, తలకు కట్టు, మీద ఎవరిదో రంగుల రుమాలు. వెంగమ్మ ఎదురుగా నిలబడి ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. మునెమ్మ రుమాలు సర్దుకుంది. నేను పేర్లు చెప్పాను.

"పెంచలయ్య మేస్త్రీ పెళ్లామా నువ్వు? వెంగమ్మ అంటే నువ్వేనా?" మునెమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"నా పేరు నీకెట్ట తెలుసు?"

"పైన తెలవనోళ్లు యాడుండారు? ఆడ పొద్దు పొడవదు, గుంకదు మన లెక్కన. సొరంగంలో అసలే తెలవదు. మేస్త్రీ గొంతే మాకు పొద్దు. ‘లెయ్యండబ్బా, వెంగమ్మ కాఫీ ఆరిపోతా ఉండాది’ అని అరిచేవాడు రోజూ. వెంగమ్మ అంటే ఏదో హోటలనుకున్నాం మేం."

వెంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "ఫోన్లో బాగుండావా అంటే బాగుండా అనేవాడు. అంతకంటే మాట వచ్చేది కాదు ఆయనకి. నేనేమో ఆడ కూడా మూగోడి మాదిరే ఉండాడనుకున్నా."

"మూగోడా? ఆ నోటికి తాళం ఉంటే కదా."

వెంగమ్మ భర్తవైపు తిరిగింది. "ఏమయ్యా, నా కాఫీ సంగతి అందురికీ చెప్పినావా?"

పెంచలయ్య ఆమెను చూశాడు. పెదాలు కదిలాయి. మేం ముగ్గురం ఆగాం. మాట రాలేదు. ఆమె ఇంకాసేపు ఆగింది, తొందరేం లేనట్టు. ఆ తర్వాత ఆయన్ను కుర్చీలో సర్ది కూర్చోబెట్టి, పులుసు గిన్నె విప్పి, మునెమ్మకు అన్నం కలిపిపెట్టి, తాను నేల మీద చతికిలబడింది.

"తింటా చెప్పు," అంది. "ఇంకా ఏమేం మాట్లాడేవాడు?"